బొమ్మ పడని పెట్టె: టెలివిజన్ మరమ్మతు కథ

శ్రీరంగాపురమనగానే మొదట జ్ఞప్తికి వచ్చునవి రంగనాయకస్వామి ఆలయము, దానిని ఆనుకొనియున్న రంగసముద్రము చెరువు. వనపర్తి సంస్థానాధీశుల యేలుబడిలో వెలసిన యీ ఊరు చాలకాలము మహబూబ్‌నగర్ జిల్లాలో నుండి, 2016లో ఏర్పడిన వనపర్తి జిల్లాలో చేరినది. ఆలయ చరిత్ర వ్రాసినవారు కలరు. మనము చెప్పుకొనబోవునది ఆ ఊరి యిండ్లలోను, చుట్టుపట్ల పల్లెలలోను ఉన్న మరియొక వస్తువును గూర్చి. అది టెలివిజన్. అందును, చక్కగా నడుచుచున్న దానిని గూర్చి కాక, చెడిపోయి మూలగూర్చున్న దానిని గూర్చి.

సాయంకాలము ఇంటిలో ఎవరో మీట నొక్కిరి. వెలుగు లేదు, పలుకు లేదు. ఇంటి పెద్ద లేచి వచ్చి పెట్టె నెత్తిన ఒక్క చరుపు చరచును. ఒక్కొక్కప్పుడు నిజముగనే బొమ్మ వచ్చును. చదువుకొన్న పిల్లలు దీనిని చూచి నవ్వుదురుగాని, నవ్వవలసినంత వింత ఇందులో లేదు. టెలివిజన్ లోపలి భాగములన్నియు తగరము, సీసము కలిసిన టాంకముతో పలకపై అతుకబడియుండును. వేడికి సాగి, చల్లబడి ముడుచుకొని, ఏండ్లు గడచునప్పటికి ఆ అతుకులలో కంటికి కానరాని బీటలు పడును. మెకానిక్కులు దీనిని డ్రై సోల్డరందురు. చరుపు తగిలినప్పుడు బీట అంచులు రెండును మరల తాకును, ప్రవాహము సాగును. కనుక చరుపు మరమ్మతు కాదుగాని, రోగమెచ్చటనున్నదో తెలుపు ఒక పరీక్ష యగును. చరచిన బొమ్మ వచ్చు పెట్టెలో భాగములు చెడలేదనియు, అతుకు విడినదనియు అర్థము.

ఈ విద్య మన జిల్లాలకు ఎట్లు వచ్చినదో విచారించిన ఒక విశేషము తెలియును. లోకములో చాల చోట్ల టెలివిజన్ మొదట నగరములో పుట్టి, నెమ్మదిగా పల్లెలకు పాకినది. పాలమూరు పల్లెలకు మాత్రము అది ఆకాశమునుండి నేరుగా దిగినది.

మొదట ఇతర దేశముల సంగతి కొంచెము చూతము. 1926లో లండనులో జాన్ లోగీ బేర్డ్ తిరుగు చక్రముల సాయమున కదలు బొమ్మను ప్రదర్శించెను. 1927లో అమెరికాలో ఫైలో ఫార్న్స్‌వర్త్ చక్రములు లేకయే, ఎలక్ట్రానులతో బొమ్మను పంపెను. ఇంటింటి టెలివిజన్‌కు దారి యిచ్చినది ఈ రెండవ పద్ధతియే. తరువాత ముప్పది నలుబది యేండ్లు టెలివిజనన్నచో వాల్వుల పెట్టె. వాల్వు అనగా గాలి తీసిన గాజు బుడ్డి. దానిలో ఒక తంతువు ఎర్రగా కాగి ఎలక్ట్రానులను వెదజల్లును. బల్బువలెనే దాని తంతువును తెగును. అందుచేత ఆ నాటి పెట్టె చెడినదన్నచో నూటికి చాల వంతులు వాల్వు పోయినదనియే అర్థము. అమెరికాలో 1950వ దశాబ్దమున మందుల షాపులలో వాల్వులు పరీక్షించు యంత్రములుంచెడివారు. ఇంటి యజమాని తన పెట్టెలోని వాల్వులను ఊడదీసి, సంచిలో వేసికొని పోయి, ఒక్కొక్కటియే గుచ్చి చూచి, చెడినదానికి బదులు క్రొత్తది కొనుక్కొని వచ్చెడివాడు. ఏ వాల్వు ఎచ్చట నుండవలెనో తెలుపు పటమును కంపెనీవారే పెట్టె లోపల అంటించి యిచ్చెడివారు. ఇంటివాడు పెట్టెను విప్పుట తప్పుగా నెంచని కాలమది.

ఐరోపాలో చాల సెట్లలో ఈ వాల్వుల తంతువులన్నిటిని ఒకే వరుసగా, శ్రేణిలో కలిపెడివారు. ప్రవాహము 0.3 ఆంపియరు. పండుగనాడు పందిరికి కట్టు చిన్న బల్బుల తోరణములో ఒకటి పోయిన తక్కినవన్నియు ఆరుట విద్యార్థులెరుగుదురు. ఇచ్చటను అంతే. ఒక తంతువు తెగిన అన్ని వాల్వులును చల్లబడును, పెట్టె పూర్తిగా మూగబోవును. దోషి ఎవరో కంటికి తెలియదు. ఒక్కొక్క దానిని తీసి మీటరుతో చూడవలెను. ఆ మీటరు చరిత్రయు ముచ్చటైనదే. ఆంపియరులకు ఒకటి, వోల్టులకు ఒకటి, ఓములకు ఒకటి చొప్పున మూడు పరికరములు మోయుటకు విసిగి, బ్రిటిష్ పోస్టాఫీసు ఇంజనీరు డోనాల్డ్ మకాడీ మూడింటిని ఒకే పెట్టెలో నిమిడ్చెను. 1923లో అది ఆవో మీటరను పేర అమ్మకమునకు వచ్చెను. నేడు మెకానిక్కు చేతిలోని మల్టీమీటరు దాని సంతతియే.

మన దేశమున టెలివిజన్ ప్రసారము 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగముగా మొదలైనది. 1967 జనవరి 26న ఢిల్లీ చుట్టునున్న 80 గ్రామములకు కృషి దర్శన్ అను కార్యక్రమము ఆరంభమైనది. బొంబాయికి 1972లో స్టేషను వచ్చెను. ఆ సమయమున పాలమూరు జిల్లాలో టెలివిజన్ చూచినవాడు దూరదేశము పోయి వచ్చినవాడై యుండవలెను. అట్టిచోట 1975 ఆగస్టు 1న ఒక్కసారిగా పల్లెలలో పెట్టెలు వెలిగినవి. మదరాసు నగరమునకు టెలివిజన్ వచ్చినది అదే నెల 15న. హైదరాబాదునకు సొంత స్టేషను వచ్చుటకు మరి రెండేండ్లు పట్టినది. పట్టణము కంటె పల్లె ముందు చూచినదని చెప్పుకొనదగిన సందర్భములు మన చరిత్రలో ఎన్ని కలవు?

దీనికి కారణము సైట్ అను ప్రయోగము. విక్రమ్ సారాభాయి పూనికచే 1969లో భారతదేశమునకును, అమెరికాలోని నాసా సంస్థకును ఒప్పందము కుదిరెను. ఆయన 1971లో గతించినను పని ఆగలేదు. ఏ.టి.ఎస్.-6 అను అమెరికా ఉపగ్రహమును ఒక యేడు మనకు ఎరువిచ్చుట, దాని ద్వారా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు విద్యా కార్యక్రమములు పంపుట, ఇదియే ఒప్పందపు సారము. ఆంధ్రప్రదేశ్‌నుండి ఎన్నికైన జిల్లాలు హైదరాబాదు, మెదకు, మహబూబ్‌నగరు, కర్నూలు. తెలుగు, కన్నడ కార్యక్రమములు తయారగుటకు హైదరాబాదులో ఒక కేంద్రము నెలకొల్పబడెను. ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము పెద్దలకు కలిపి దినమునకు నాలుగు గంటల ప్రసారము. బొమ్మ ఒకటే పోవుచుండగా దానితోపాటు రెండు భాషల ధ్వనిని పంపు వీలు ఉండెడిది.

మరమ్మతు విద్యార్థికి ఇచ్చటినుండి ఆసక్తికరమైన భాగము మొదలగుచున్నది. ఆ బొమ్మ నడచిన దారిని చూడుడు. అహమదాబాదు భూకేంద్రమునుండి తరంగము బయలుదేరి, ఆఫ్రికా ఖండముపై 35 డిగ్రీల తూర్పు రేఖాంశము వద్ద, భూమధ్యరేఖకు దాదాపు 36,000 కిలోమీటర్ల యెత్తున నిలిచియున్న ఉపగ్రహమును చేరును. ఆ ఉపగ్రహమునకు తొమ్మిది మీటర్ల వ్యాసము గల, గొడుగువలె విచ్చుకొను ఏంటెనా కలదు. అది తరంగమును 860 మెగాహెర్ట్జుల పౌనఃపున్యమున మన దేశముపైకి త్రిప్పి పంపును. పల్లెలో బడి చెంతనో, పంచాయతీ భవనము చెంతనో మూడు మీటర్ల పళ్లెము. ఆ పళ్లెము వెండిది కాదు, రాగిది కాదు. కోళ్ల గూళ్లకు వాడు తీగవలతో చేసినది. దానినుండి ఒక తీగ చిన్న మార్పిడి పరికరమునకు, అందునుండి టెలివిజన్‌కు. ఈ గ్రామ సెట్లను తయారుచేసినది హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థ. పాలమూరునుండి చూచిన ఆ ఉపగ్రహము పడమటికి కొంచెము దక్షిణముగా, దిగంతముపై సుమారు 38 డిగ్రీల యెత్తున ఉండును. ఉపాధ్యాయులు త్రికోణమితి పాఠములో దీనిని లెక్కగట్టించి చూడవచ్చును. తరంగము భూమినుండి పైకి పోయి మరల పల్లెకు దిగుటకు పట్టు కాలము క్షణములో నాల్గవ వంతు.

ఇంత దారిలో ఎచ్చట తెగినను పల్లెవాసికి కనిపించునది ఒక్కటియే: బొమ్మ లేదు. ఉపగ్రహమా, భూకేంద్రమా, గాలికి వంగిన పళ్లెమా, ఊడిన తీగయా, ఊరి కరెంటా, పెట్టెయా? ఆ నాటి గ్రామములలో టెలిఫోను అరుదు. ఇంజనీరు దూరముననుండెను. కనుక చూచినవాడు చూచినదానిని సరిగా చెప్పగలుగుటయే మరమ్మతులో మొదటి మెట్టు. సెట్టు బాధ్యత తరచుగా బడి ఉపాధ్యాయునిపై పడెడిది. ఆయనకు ఎలక్ట్రానిక్స్ తెలియనక్కరలేదు. తెరపై వెలుగున్నదా అనునది మొదటి ప్రశ్న. వెలుగు లేనిచో పెట్టెకు విద్యుత్తు అందుట లేదు, లేదా పెట్టె లోపల దోషము. వెలుగుండి, దానిపై తెల్లని చుక్కలు జొన్నపేలాలు చిట్లినట్లు ఎగురుచు, బుస్సుమను చప్పుడు వచ్చుచున్నచో పెట్టె క్షేమము. దానికి ఆహారమందుట లేదు. ఈ ఒక్క ప్రశ్నతో దారి రెండు ముక్కలుగా విడిపోయినది. తరువాత ఏ ముక్కలో దోషమున్నదో ఆ ముక్కను మరల రెండు చేయవలెను. లోకములోని మెకానిక్కులందరి నేర్పును ఇదియే. ఇరువది మెట్ల దారిలో తప్పును పట్టుటకు ఇరువది పరీక్షలు అక్కరలేదు. సగము సగముగా త్రుంచినచో ఐదు చాలును.

1976 జులై 31న ఈ విద్యకు ఒక కఠినమైన పరీక్ష వచ్చినదని నాకు తోచును. ఒప్పందపు గడువు ఆనాటితో తీరెను. ఉపగ్రహము మరల అమెరికావారి పనులకు పోయెను. వేలకొలది గ్రామములలో ఫ్యూజు పోలేదు, ట్రాన్సిస్టరు కాలలేదు, పళ్లెము వంగలేదు. అయినను బొమ్మ ఆగినది. ఏడాదిపాటు పిల్లలను బడికి పిలిచిన పెట్టె, ఏ లోపమును లేకయే మూగబోయినది. సెట్టు బాగున్నదనియు, ఇక బొమ్మ రాదనియు ఒకేసారి ఊరివారికి చెప్పవలసి వచ్చినప్పుడు ఆ మాట చెప్పుట సులభమై యుండదు. ప్రయోగము పేరే ప్రయోగము. గడువు ముందే తెలిసినది. అయినను పల్లెకు ఒక వస్తువు నిచ్చునప్పుడు, దానిని బ్రదికించు దారియు తోడుగా నిచ్చుచున్నామా లేదా అను ప్రశ్న అప్పటినుండి మనతోనే యున్నది. ఆ గ్రామములలో కొన్నిటికి సేవ కొనసాగించుటకై నేలపై స్టేషనులు కట్టిరి. 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ ఆరంభమైనది ఈ క్రమములోనిదే.

ఊరుమ్మడి పెట్టె పోయి ఇంటింటి పెట్టె వచ్చుటకు మరి కొంతకాలము పట్టినది. 1983 ఆగస్టులో ఇన్సాట్-1బి ఎగిరిన పిమ్మట, 1984లో దేశమంతటను చిన్న ప్రసారిణులు వడివడిగా లేచినవి. ఇంటి కప్పులపై అల్యూమినియం కడ్డీల ఏంటెనాలు మొలిచినవి. ఆ దినములలో బొమ్మ సరిచేయుట ఇద్దరి పని. ఒకడు పైన ఏంటెనా త్రిప్పుచు “వచ్చిందా?” అని కేకవేయును. క్రిందివాడు “ఇంక జర తిప్పు!” అనును. ఏంటెనా కడ్డీల పొడవు తరంగదైర్ఘ్యములో సగమునకు దగ్గరగా నుండవలెననియు, అది స్టేషను వైపు చూడవలెననియు భౌతికశాస్త్రము చెప్పును. ఆ కేకల వెనుకనున్న సూత్రము అంతే.

ఇంటి సెట్టునకు మన పల్లెలలో గొప్ప శత్రువు కరెంటే. ఊరి ట్రాన్స్‌ఫార్మరు మీద వ్యవసాయపు మోటార్లు నడుచునప్పుడు 230 వోల్టులుండవలసినది బాగుగా పడిపోవును. మోటార్లు ఆగగానే గుప్పున లేచును. అందుచేత ప్రతి టెలివిజన్ ప్రక్కన ఒక స్టెబిలైజరు టక్కు టక్కుమనుచు కూర్చుండెడిది. ఆ టక్కు చప్పుడు లోపలి రిలే, ట్రాన్స్‌ఫార్మరు చుట్లను మార్చుచున్నప్పటిది. పెట్టె మూగబోయినదని మెకానిక్కును పిలిచిన యిండ్లలో కొన్నిట స్టెబిలైజరు మాత్రమే చెడియుండెడిది. పెట్టెను నేరుగా గోడ ప్లగ్గుకు తగిలించి చూచిన తెలిసిపోవు సంగతి.

ఇప్పుడు నలుపు తెలుపు పెట్టె లోపలికి పోదము, మాటలతో మాత్రమే. మన పద్ధతిలో బొమ్మ 625 గీతలతో ఏర్పడును. క్షణమునకు 25 బొమ్మలు. అనగా ఎలక్ట్రాను పుంజము క్షణమునకు 15,625 మారులు తెరపై అడ్డముగా గీత గీయును. గీత చివరకు పోయిన పుంజమును చటుక్కున వెనుకకు లాగునప్పుడు తీగచుట్టలోని ప్రవాహము మిక్కిలి వేగముగా మారును. ప్రవాహము ఎంత వేగముగా మారిన అంత అధిక వోల్టేజి పుట్టునని 1831లో ఫారడే కనుగొన్న నియమము చెప్పుచున్నది గదా. ఇంజనీర్లు ఆ కుదుపును వృథాపోనీయక, దానినే ట్రాన్స్‌ఫార్మరుతో హెచ్చించి పిక్చరు ట్యూబునకు కావలసిన 15,000 వోల్టులకు అటునిటు తయారుచేసిరి. కలరు సెట్టులో ఇది 25,000 వోల్టుల దాక పోవును. దీనినే షాపులలో ఇ.హెచ్.టి. అందురు. గీత గీయు పనియు, తెర వెలిగించు పనియు ఒకే భాగము చేయుచున్నది కనుక ఆ భాగము చెడిన తెర పూర్తిగా చీకటి యగును; ధ్వని మాత్రము కొన్ని సెట్లలో వినబడుచునే యుండును. నిలువుగా నడిపించు భాగము చెడినచో చీకటి కాదు. తెర నడుమ కత్తితో గీచినట్లు ఒకే ఒక తెల్లని అడ్డగీత మిగులును. ధ్వనియుండి చీకటి, అడ్డగీత, వెలుగుండి చుక్కలు, అసలు ఏమియు లేకుండుట: ఒక్కొక్క గుర్తు ఒక్కొక్క వీధికి దారి చూపును. “టీవీ చెడిపోయింది” అని మాత్రము చెప్పిన ఇంటికంటె, “గీత ఒక్కటే వస్తున్నది” అని చెప్పిన ఇంటికి మెకానిక్కు సరియైన సామాను తీసికొని వచ్చెడివాడు.

పెట్టె విప్పకుండ చేయదగిన పరీక్ష ఒకటి కలదు. ముంజేతి వెనుకవైపును తెరకు చేరువగా త్రిప్పినప్పుడు సన్నని వెంట్రుకలు నిక్కినచో ఇ.హెచ్.టి. యున్నట్లే. వెనుక రంధ్రములనుండి చూడగా ట్యూబు మెడలో నారింజ రంగు వెలుగు కనబడినచో, చాల కలరు సెట్లలో, గీత గీయు భాగము నడుచుచున్నదని తెలియును. ఏలయన ఆ తంతువునకు ప్రవాహమందించునది ఆ భాగమే.

విప్పవలదని ఎందుకు చెప్పుచున్నాననగా, 1982 తరువాత కలరు సెట్లతోపాటు విరివిగా వచ్చిన క్రొత్త విద్యుత్ భాగము పేరు ఎస్.ఎం.పి.ఎస్. పాత సెట్టులో బరువైన ఇనుప ట్రాన్స్‌ఫార్మరు కరెంటును తగ్గించెడిది. క్రొత్తదానిలో గోడనుండి వచ్చిన 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తును నేరుగా ఏకముఖముగా మార్చి, ఒక పెద్ద కెపాసిటరులో నింపుదురు. 230ని 1.414తో హెచ్చవేసిన 325. ఆ కెపాసిటరు 220 మైక్రోఫారడులదైనచో దానిలో దాగిన శక్తి సుమారు 11.6 జౌళ్లు. ఒక కిలో రాయిని నడుము కంటె కొంచెము హెచ్చైన ఎత్తునుండి కాలిపై జారవిడిచిన ఎంతయో అంత. అయితే ఈ దెబ్బ గుండె గుండ పోగలదు. ప్లగ్గు తీసినంత మాత్రమున అది ఖాళీ కాదు. ఒక లక్ష ఓముల నిరోధము దానికి అడ్డముగానున్నచో 22 క్షణములలో ఆవేశము దాదాపు మూడవ వంతుకు తగ్గును, రెండు నిమిషములకు నామమాత్రమగును. ఆ నిరోధము తెగియున్నచో? ఎంతసేపో చెప్పజాలము. పిక్చరు ట్యూబు గాజు సయితము తానే ఒక కెపాసిటరై ఆవేశమును దాచుకొనును. ఈ లెక్క తరగతిలో నల్లబల్లపై చేయించుడు. పెట్టె లోపల చేతులు మాత్రము తెలిసినవాడే పెట్టవలెను.

తెలిసినవాని చేతులు ఏమి చేయునో చూతము. మొదట ఫ్యూజు. సన్నని గాజు గొట్టములోని తీగ నడుమ శుభ్రముగా తెగియున్నచో అది ముసలితనమునకో, ఒక క్షణపు హెచ్చు కరెంటునకో పోయినది. గాజు లోపల నల్లగా మసి, వెండి పూత పట్టియున్నచో ముందు ఎచ్చటనో షార్టు అయినది; క్రొత్త ఫ్యూజు పెట్టిన అదియు తక్షణమే పేలును. సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితమును ఫ్యూజునకు చుట్టు ఘనులు కొందరు కలరు. వారికి ఫ్యూజు పేలదు; దాని తరువాతివి పేలును.

షార్టున్న పెట్టెను పరీక్షించుటకు మన మెకానిక్కులు వాడునది చౌకయైన ఒక ఉపాయము: సీరీసు బల్బు. నూరు వాట్ల తంతువు బల్బును పెట్టెతో శ్రేణిలో కలిపి కరెంటిత్తురు. వెలుగుచున్న ఆ బల్బు నిరోధము 529 ఓములు. కనుక లోపల ఎంతటి షార్టున్నను 0.43 ఆంపియరును మించి పోజాలదు. బల్బు నిండుగా వెలుగును, పెట్టె కాలదు. లోపల అంతయు సరిగానున్నచో బల్బు ఒక్కసారి మెరిసి మసకబారును. ఆ మెరుపు కెపాసిటరు నిండుచున్నప్పటిది. చల్లని తంతువు నిరోధము వేడి తంతువుదానిలో పదవ వంతుకంటెను తక్కువ. అందుచేతనే యీ బల్బు అవసరమైనప్పుడు మాత్రము అడ్డుపడి, అక్కరలేనప్పుడు దారి విడుచుచున్నది. ఇంతటి తెలివి గల పరికరము వంద రూపాయలలోపున దొరకుట విశేషమే. ఎల్.ఇ.డి. బల్బు ఈ పనికి రాదు. తంతువు బల్బులు షాపులలో అరుదైన పిమ్మట మెకానిక్కులు పాతవానిని దాచుకొనుచుండుట నేనెరుగుదును.

బల్బు నిండుగా వెలిగిన పెట్టెలో తరచు దోషి గీత గీయు ట్రాన్సిస్టరు. బి.యు.208 అను పేరు ఒక తరపు మెకానిక్కులకు ఇంటిపేరువలె నోట నాడెడిది. 1,500 వోల్టులు తట్టుకొనునట్లు చేయబడినను, అది ఎండిన కెపాసిటరునకు బలియగును. కెపాసిటరులోని ద్రవము వేడికి నెమ్మదిగా ఆవిరియగును. వేడి పది డిగ్రీలు పెరిగిన దాని ఆయువు సగమగునని ఇంజనీర్ల లెక్క. వేసవిలో 40 డిగ్రీలు దాటు మన ప్రాంతమున, పైన గుడ్డ కప్పి, ఆ గుడ్డపై పూలకుండీ పెట్టిన టెలివిజన్‌లో దాని గతి ఏమగునో ఊహింపుడు. అందమునకై కప్పిన ఆ గుడ్డ గాలి రంధ్రములను మూయును. లోపల వెచ్చదనమునకు చేరిన బల్లి రెండు తీగల నడుమ పడి చచ్చి, పెట్టెను తనతో తీసికొనిపోయిన సంగతి నా కన్నులతో చూచితిని.

ఈ పనులు నేర్చినవారెవరు? మొదటి తరమువారు రేడియో మెకానిక్కులు. తరువాతివారు ఐ.టి.ఐ.లలో, పాలిటెక్నిక్కులలో చదివినవారు. వనపర్తి రాజుల కోటలో 1959లో నెలకొన్న పాలిటెక్నిక్ ఆ ప్రాంతమున సాంకేతిక విద్యకు పేరుగన్నది. వారికంటె హెచ్చు మంది షాపు బల్ల ప్రక్కన నిలిచి, గురువు వేలు ఎచ్చటికి పోవుచున్నదో చూచి నేర్చినవారు. వీరి పేర్లు ఏ చరిత్రలోను ఎక్కవు. ఊరి సగము యిండ్లలో ఆదివారపు సినిమా ఆగకుండ చూచినవారు వీరే.

ఎస్.ఎం.పి.ఎస్. మెరుగుపడి 90 నుండి 270 వోల్టుల దాక తానే సర్దుకొనుట నేర్చిన పిమ్మట స్టెబిలైజరు అటక యెక్కినది. కేబులు, పిదప డిష్షు వచ్చి ఏంటెనాను దింపినవి. 2020 తరువాత రెండు మూడేండ్లలో దూరదర్శన్ తన పాత పద్ధతి భూతల ప్రసారములను దాదాపుగా ఆపివేసినది. 1976లో వలెనే, ఇంకను నడుచు పాత పెట్టెలు కొన్ని తమ దోషమేమియు లేకయే చుక్కల తెరతో మిగిలినవి. ఇప్పటి తెరపై “నో సిగ్నల్” అను అక్షరములు వచ్చినచో పెట్టె తన ఆరోగ్యమును తానే చెప్పుచున్నదన్నమాట. ఉపాధ్యాయుడు వేయవలసిన మొదటి ప్రశ్నను అది తానే వేసికొని జవాబిచ్చినది.

నేటి పలుచని టెలివిజన్ మూగబోయినప్పుడు చేయదగిన పరీక్ష ఒకటి చెప్పి ముగింతును. ధ్వని వినబడుచు తెర చీకటిగా నున్నచో, గదిలో దీపమార్పి, టార్చిలైటును తెరకు ఏటవాలుగా పట్టి చూడుడు. ఆ చీకటిలో మసకమసకగా బొమ్మ కదలుచు కనిపించవచ్చును. కనిపించినచో తెర చెడలేదు. దాని వెనుక దీపములారినవి. ఎల్.సి.డి. తెర తానుగా వెలుగదు. దాని వెనుక చిన్న ఎల్.ఇ.డి.లు, ఒక్కొక్కటి మూడు వోల్టులకు కాస్త అటునిటు తీసికొనునవి, బద్దలపై వరుసగా శ్రేణిలో కలుపబడియుండును. ఒకటి తెగిన వరుస యంతయు ఆరును, లేదా దానిని నడుపు పరికరము దోషమును గ్రహించి అన్నిటిని ఆర్పివేయును. డెబ్బది యేండ్ల క్రిందటి వాల్వుల తంతువుల చిక్కే మరల వచ్చినది. కాగితమువలె పలుచనైన తెర గాజును ఇద్దరు మనుష్యులు చెరియొక ప్రక్క పట్టి, ఊపిరి బిగబట్టి పైకి లేపుదురు. క్రింద తెల్లని పొరలను ఒక్కొక్కటిగా తీసిన బద్దలు బయటపడును. మెకానిక్కు మీటరు మొనలతో ఒక్కొక్క దీపమును తాకుచు పోవును. అన్నియు మినుకుమని వెలుగును, ఒకటి వెలుగదు. దానిని వంచి చూచిన పసుపుపచ్చని పూత నడుమ ఆవగింజంత నల్లని చుక్క కనిపించును.